కొట్టిన చేప ఎందుకు నిలవదు? లూర్‌కి హుక్ తగిలించడంలో ఉన్న లెక్క

"కొట్టింది, కానీ నిలవలేదు." లూర్‌తో, అంటే చిన్న చేపలానో కప్పలానో ఉండే కృత్రిమ ఎరతో, చేపలు పట్టేవాళ్లు ఇద్దరు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. చేప వచ్చింది, నీళ్లు చెదిరాయి, రాడ్ వంగింది, రెండు క్షణాల్లో దారం వదులైపోయింది. లూర్‌ని వెనక్కి లాగి చూస్తే హుక్ పదునుగానే ఉంటుంది. అప్పుడు తప్పు రాడ్ మీదకో, దారం మీదకో, ఆ రోజు అదృష్టం మీదకో వెళ్లిపోతుంది. చాలాసార్లు లోపం ఉండేది హుక్‌ని లూర్‌కి తగిలించిన చోట.

చెరువుల్లో, కాలువల్లో కప్ప లూర్లతో కొర్రమీను పట్టే కుర్రాళ్లకి ఈ అయోమయం బాగా తెలుసు. లూర్‌తో పాటు వచ్చిన హుక్ ఉంచాలా, మార్చాలా? మూడు ముళ్లది తీసేసి ఒంటి ముల్లు వేయాలా? వేస్తే ఏ నంబరు, మొన ఎటు తిప్పి వేయాలి? ఒక వీడియోలో చెప్పింది ఇంకో వీడియోలో కాదంటారు. ఇద్దరూ తాము పట్టే చేప విషయంలో నిజమే చెబుతూ ఉండవచ్చు. ఎందుకంటే జవాబు చేప నోరు తెరిచే తీరుని బట్టి, నీళ్లలో అడ్డంగా ఉన్నదాన్ని బట్టి మారుతుంది.

క్లుప్తంగా

లూర్‌కి సొంత బరువు, సొంత పొడవు ఉంటాయి. చేప తల విదిలించినప్పుడు ఆ బరువే హుక్‌ని పీకేస్తుంది. హుక్ ఎంత స్వేచ్ఛగా కదిలితే ఈ నష్టం అంత తగ్గుతుంది. మరీ స్వేచ్ఛ ఇస్తే దారానికో, లూర్‌కో చుట్టుకుంటుంది. మూడు ముళ్ల హుక్ తగిలే అవకాశం పెంచుతుంది, ఒంటి ముల్లు లోతుగా దిగి నిలుస్తుంది. ఏది మార్చినా బరువు మారుతుంది, దాంతో లూర్ ఈత కూడా మారుతుంది.

ఎర గాలం వేరు, లూర్ వేరు

వానపామునో రొయ్యనో గుచ్చి వేసిన గాలాన్ని చేప తిండి అనుకునే నోట్లోకి తీసుకుంటుంది. రుచి, వాసన నిజమైనవే కాబట్టి వెంటనే ఉమ్మదు. బెండు మునిగేదాకా ఆగినా ఫరవాలేదు. ముల్లు నోట్లో, ఒక్కోసారి గొంతులో కూడా ఉంటుంది.

లూర్ ప్లాస్టిక్కో, చెక్కో, సీసమో. చేప దాన్ని నోటితో పట్టిన క్షణంలోనే తేడా తెలుసుకుంటుంది. హుక్ దిగాల్సింది ఆ కొద్ది వ్యవధిలోనే. దిగిన తర్వాత ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. ఎర గాలంలో ముల్లు తప్ప చేప నోటికి వేలాడే బరువు పెద్దగా ఉండదు. లూర్ విషయంలో ఇరవై ముప్పై గ్రాముల గట్టి వస్తువు పోరాటం అయ్యేదాకా దవడ పక్కన వేలాడుతూనే ఉంటుంది. చేప గాల్లోకి ఎగిరి తల విదిలించినప్పుడు ఆ బరువు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి ఊగి, ముల్లు దిగిన రంధ్రాన్ని వెడల్పు చేస్తుంది.

మేకు పీకే సుత్తిని గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సుత్తి పిడి ఎంత పొడుగైతే మేకు అంత సులువుగా వస్తుంది. హుక్ లూర్‌కి బిగుసుగా అతుక్కుని ఉంటే లూర్ శరీరం మొత్తం పిడిలా పనిచేస్తుంది. మధ్యలో కీలు లాంటిది ఉండి హుక్ అన్ని వైపులా తిరగగలిగితే ఆ పిడి విరిగినట్టే. లూర్ హుక్‌ల రూపంలో, అమరికలో వచ్చిన మార్పుల్లో చాలావరకు ఈ పిడిని ఎలా విరగ్గొట్టాలన్న ప్రయత్నమే.

మూడు ముళ్లా, ఒంటి ముల్లా

చేప ఆకారపు గట్టి లూర్లు ఎక్కువగా రెండు ట్రిబుల్ హుక్‌లతో, అంటే మూడు ముళ్ల హుక్‌లతో, వస్తాయి, కడుపు కింద ఒకటి, తోక దగ్గర ఒకటి. ఆరు మొనలు ఆరు దిక్కులు చూస్తుంటాయి. చేప ఎటు నుంచి కొట్టినా ఏదో ఒకటి తగలాలన్నది ఉద్దేశం. లూర్ పక్క నుంచి కత్తిలా కోసుకుంటూ పోయే వంజరం లాంటి చేపకి ఇది పనికొస్తుంది. ఆ చేప లూర్‌ని మింగదు, కొరికి వెళ్తుంది. తగలడానికి దొరికే అవకాశం చాలా చిన్నది.

తగలడం, నిలవడం రెండూ ఒకటి కాదు. రాడ్ ఎత్తి కొట్టిన దెబ్బ ట్రిబుల్ హుక్‌లో రెండు మూడు మొనల మధ్య పంచుకుపోతుంది. ఒక్కో మొనకి వచ్చే బలం తగ్గుతుంది, అందుకే అవి పైపైన దిగి ఆగిపోతాయి. ఒంటి ముల్లులో బలమంతా ఒకే మొన మీద పడుతుంది. దాని నోరు, అంటే మొనకీ నిలువు కాడకీ మధ్య ఖాళీ, కూడా ట్రిబుల్ కంటే వెడల్పు. దవడ ఎముకని చుట్టి పట్టుకోగలదు.

రెండు ట్రిబుల్‌లు ఉన్న లూర్‌లో ఇంకో నష్టం ఉంది, దీని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. వెనక హుక్ దవడలో దిగి, ముందు హుక్ చెంప బయటో వలలోనో చిక్కుకుందనుకోండి. చేప ఒక్కసారి దొర్లితే రెండు హుక్‌ల మధ్య ఉన్న లూర్ గడ్డపారలా మారుతుంది. చేప సొంత బలంతోనే ఒక ముల్లుని ఇంకో ముల్లు సాయంతో తెరిచేస్తుంది. నిఠారుగా సాగిపోయిన ట్రిబుల్ హుక్ చేతికి వచ్చినప్పుడు చాలామంది చేప ఎంత పెద్దదో అనుకుంటారు. కొన్నిసార్లు అది మోస్తరు చేపే అయి ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ పండుగప్ప. కృష్ణా, గోదావరి సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి కాలువల్లో దొరికే ఈ చేపనే ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో బారముండి అంటారు. అక్కడ దాన్ని లూర్‌తో పట్టడం పెద్ద ఆట. పండుగప్ప వేటాడే తీరు వంజరానికి పూర్తిగా వేరు. నోరు ఒక్కసారిగా తెరిచి, చుట్టూ ఉన్న నీళ్లతో సహా ఎరని లోపలికి పీల్చేస్తుంది. లూర్ మొత్తం నోట్లోకి వెళ్లిపోతుంది కాబట్టి ఆరు మొనలు అక్కర్లేదు. పైగా నోరు మూసినప్పుడు పడే దెబ్బకి, ఎగిరి తల విదిలించే ఊపుకి సన్నటి తీగతో చేసిన ట్రిబుల్‌లు వంగిపోతాయి. అందుకే అక్కడివాళ్లు కొత్త లూర్ కొనగానే దానితో వచ్చిన హుక్‌లు, రింగులు తీసేసి మందమైనవి వేసుకోవడం పాత అలవాటు. ఇప్పుడు ట్రిబుల్‌కి బదులు ఒంటి ముళ్లు వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. పీల్చి తినే చేపకి ఒంటి ముల్లు, కోసుకుపోయే చేపకి ట్రిబుల్ అన్నది మొదటి అంచనాగా బాగా పనిచేస్తుంది.

తాళంచెవుల రింగు లాంటి చిన్న రింగు

హుక్‌కీ లూర్‌కీ మధ్య ఉండే స్ప్లిట్ రింగు తాళంచెవులు గుచ్చుకునే రింగుకి చిన్న రూపం. ఇందాక చెప్పిన కీలు పని చేసేది ఇదే. రింగు సన్నగా ఉంటే పెద్ద చేప లాగినప్పుడు తెరుచుకుంటుంది. మరీ పెద్దదైతే హుక్ అటూఇటూ ఎగిరి లూర్ వీపు మీదకెక్కి కూర్చుంటుంది, లేదా రెండు హుక్‌లు ఒకదానికొకటి పట్టుకుంటాయి. రెండు హుక్‌లని ఒకదాని వైపు ఒకటి చాపి చూసినప్పుడు మొనలు కలవకూడదు. కొనేముందు షాపులోనే చూసుకోదగిన పరీక్ష ఇది.

ఒంటి ముల్లు వేసేటప్పుడు ఎక్కువమంది పొరపాటు పడేది హుక్ కంటి దగ్గర, అంటే రింగు దూరే రంధ్రం దగ్గర. మామూలు హుక్‌లో పైన ఉండే కన్ను వంపుకి అడ్డంగా తిరిగి ఉంటుంది. దాన్ని ఒక రింగుతో లూర్‌కి తగిలిస్తే ముల్లు పక్కకి తిరిగి వేలాడుతుంది, ఈదేటప్పుడు లూర్‌ని ఒక వైపుకి లాగుతుంది. ఇన్‌లైన్ అని అమ్మే హుక్‌లో కన్ను, వంపు ఒకే తలంలో ఉంటాయి. ఒక్క రింగుతోనే లూర్ పొడవుకి సమంగా నిలుస్తుంది. ఇన్‌లైన్ దొరకనప్పుడు ఇంకో రింగు కలిపి వేస్తే దిశ సరిపోతుంది, కాకపోతే హుక్ వేలాడే పొడవు పెరిగి చిక్కులు ఎక్కువవుతాయి.

మొన ఎటు చూడాలన్నదానికి కూడా లెక్క ఉంది. కడుపు కింద హుక్ మొన లూర్ తల వైపు చూసేలా వేశారనుకోండి. లూర్‌ని లాగినప్పుడు నీటి ఒత్తిడికి హుక్ వెనక్కి వాలుతుంది, మొన కిందికి తిరిగి కడుపుకి దూరంగా నిలుస్తుంది. తోక వైపు చూసేలా వేస్తే అదే వాలులో మొన పైకి తిరిగి లూర్ కడుపుకి ఆనుకుంటుంది. అప్పుడు చేప పట్టినా మొనకి దిగే చోటుండదు, లూర్ రంగు కూడా గీరుకుపోతుంది. తోక దగ్గరి హుక్ మొన మాత్రం పైకి చూడడం మేలు, అడుగున ఉన్న కొమ్మలకి, రాళ్లకి తగలడం తగ్గుతుంది.

రింగు మార్చడం గోళ్లతో చేసే పని కాదు. చివర చిన్న పన్ను ఉండే స్ప్లిట్ రింగు ప్లయర్ ఆ పన్నుని రింగు రెండు చుట్ల మధ్యకి దూర్చి అవసరమైనంతే తెరుస్తుంది. కొత్త హుక్ కంటిని పాత హుక్ వెనకాలే రింగులోకి ఎక్కించి రెండింటినీ కలిపి తిప్పితే, కొత్తది లోపలికి వస్తూ ఉండగా పాతది బయటికి పోతుంది. రింగు రెండుసార్లు తెరవాల్సిన పని ఉండదు. అయ్యాక రింగుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడాలి. రెండు చుట్ల మధ్య సందు కనబడితే అది సాగిపోయినట్టే, పారేయాలి. ఒక రింగు కోసం చూసుకుంటే మంచి చేప పోతుంది.

హుక్ మారితే ఈత మారుతుంది

ఈ విషయం తెలియక చాలా మంచి లూర్లు పాడవుతున్నాయి. తయారుచేసినవాళ్లు హుక్‌ల బరువుని కూడా లెక్కలోకి తీసుకునే లూర్‌ని తూకం వేస్తారు. నీళ్లలో మధ్యలో ఆగి నిలిచే రకం లూర్లలో ఈ తూకం మరీ సున్నితం.

ఒక లెక్క చూస్తే ఎంత సున్నితమో తెలుస్తుంది. మంచినీటి చెరువులో సరిగ్గా మధ్యలో నిలిచే 20 గ్రాముల లూర్ 20 మిల్లీలీటర్ల నీటిని పక్కకి నెడుతుందన్నమాట. సముద్రపు నీరు మంచినీటి కంటే రెండున్నర శాతం దాకా బరువు. అదే లూర్‌ని సముద్రంలో వేస్తే దాన్ని పైకి నెట్టే బలం 20.5 గ్రాములకి పెరుగుతుంది. అర గ్రాము తేడాకే లూర్ మెల్లగా పైకి తేలిపోతుంది. ఆటుపోటు వచ్చే కాలువల్లో ఉదయం మునిగిన లూర్ మధ్యాహ్నం తేలడానికి ఇదొక కారణం. ఉక్కు హుక్ బరువు నీళ్లలో పెద్దగా తగ్గదు, 1 గ్రాము హుక్ దాదాపు 0.87 గ్రాముల బరువు చూపిస్తుంది. కాబట్టి కాస్త మందమైన హుక్ వేస్తే ఆ అర గ్రాము తేడా సరిపోతుంది. తేలిక హుక్ వేస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

ట్రిబుల్ తీసి అదే నంబరు ఒంటి ముల్లు వేస్తే బరువు బాగా తగ్గుతుంది, లూర్ ఎక్కువగా ఊగుతుంది, లోతుకి పోదు. అందుకే ఒకటి రెండు సైజులు పెద్దది వేయమంటారు. హుక్ నంబర్లు కొత్తవాళ్లని తికమక పెడతాయి. 6, 4, 2, 1 వరకు నంబరు తగ్గే కొద్దీ హుక్ పెద్దదవుతుంది. ఆ తర్వాత 1/0, 2/0, 3/0 అని సున్నా చేరిస్తే నంబరు పెరిగే కొద్దీ పెద్దది. మార్చాక గట్టు పక్కన, కళ్ల ముందు నీళ్లలో ఒకసారి లాగి చూడడం ఒక్కటే నమ్మదగిన పరీక్ష. లూర్ ఒక పక్కకి ఒరిగినా, చక్రంలా తిరిగినా ఆ హుక్ దానికి సరిపడలేదని అర్థం.

కప్ప లూర్: ముళ్లు వీపు మీద ఎందుకు

మన చెరువుల పరిస్థితికి నేరుగా సంబంధించినది ఇదే. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా. గుర్రపు డెక్క, తామరాకు, నాచు కమ్ముకున్న చోట అది ఉంటుంది. మొప్పలతోనే కాక నేరుగా గాలి కూడా పీల్చుకునే చేప కాబట్టి తరచూ పైకి వస్తుంది. అలాంటి చోట ట్రిబుల్ హుక్ వేస్తే మొదటి విసురులోనే నాచు కట్ట వస్తుంది.

కప్ప లూర్ ఈ చిక్కుని వేరేలా విప్పింది. లోపల డొల్లగా ఉండే మెత్తని రబ్బరు కప్ప అది. కడుపు లోంచి వచ్చే కాడకి వెనక రెండు ముళ్లు ఉంటాయి. వాటి మొనలు వీపుకి రెండు పక్కలా ఆనుకుని పైకి చూస్తుంటాయి. ఆకుల మీద లాగినా మొనలు దేనికీ తగలవు. కొర్రమీను నోటితో నొక్కినప్పుడు డొల్ల కప్ప అణిగిపోయి మొనలు బయటపడతాయి. ఇక్కడ హుక్‌ని దాచేదీ, బయటపెట్టేదీ ఒకటే, కప్ప చర్మం. అది గట్టిగా ఉంటే నాచు తగలదు గానీ చేపా నిలవదు. మెత్తగా ఉంటే చేప నిలుస్తుంది గానీ పది చేపలకే చిరుగుతుంది.

ఇందువల్లే కప్ప లూర్‌కి రాడ్ ఎత్తే సమయం వేరు. నీళ్లు పగిలిన చప్పుడు వినగానే కొట్టేస్తే కప్ప అణగకముందే నోట్లోంచి జారి ఎగిరొస్తుంది. చేప బరువు దారంలో తెలిసేదాకా ఆగి, అప్పుడు గట్టిగా కొట్టాలి. కొర్రమీను దవడ ఎముక గట్టిది, పైగా దారం మీద నాచు బరువు ఉంటుంది. సాగే నైలాన్ దారంతో ఆ దెబ్బ హుక్ దాకా చేరదు, అందుకే సాగని బ్రెయిడ్ దారం వాడతారు.

పదేపదే తప్పిపోతుంటే ప్లయర్‌తో రెండు మొనలని వీపు నుంచి కొంచెం పైకి వంచడం తెలిసినవాళ్లు చేసే పని. గోరు మందం చాలు. అంతకు మించితే నాచు పట్టడం మొదలవుతుంది, వంచిన చోట ఉక్కు కూడా బలహీనపడుతుంది. హుక్ కాడ బయటికి వచ్చే రంధ్రంలోంచి కప్ప లోపలికి నీళ్లు చేరుతుంటాయి, కాబట్టి నాలుగైదు విసుర్లకి ఒకసారి పిండాలి. నీళ్లు నిండిన కప్ప అణగదు, మొన బయటికి రాదు.

కొర్రమీను గురించి హుక్ కంటే ముఖ్యమైన మాట ఒకటుంది. పిల్లలని కాపలా కాసే చేప అది. వానాకాలంలో నీటి పైన ఎర్రటి చిన్న చిన్న పిల్లలు గుంపుగా ఉడుకుతున్నట్టు కనబడితే కింద తల్లిదండ్రులు ఉంటాయి. అక్కడ కప్ప పడితే అవి ఆకలితో కాదు, కాపలా కోసం కొడతాయి. ఆ చేపని తీసేస్తే పిల్లల గుంపు మిగతా చేపలకి తిండి అయిపోతుంది. ఆ గుంపు కనబడిన చోట లూర్ వేయకపోవడమే సరైన పని.

మెత్తటి లూర్‌లో వంకర

వానపాములా, చిన్న చేపలా ఉండే సిలికాన్ లూర్లకి రింగులు ఉండవు, హుక్‌ని లూర్ లోపలికే గుచ్చాలి. నాచు ఉన్న చోట వాడే పద్ధతికి టెక్సస్ రిగ్ అని పేరు. కాడ దగ్గర మెలిక ఉన్న హుక్ మొనని లూర్ ముక్కులోకి అర సెంటీమీటర్ దాకా దింపి కిందికి తీస్తారు. హుక్‌ని లాగి, మెలిక ముక్కులో కూర్చున్నాక అర చుట్టు తిప్పుతారు. అప్పుడు లూర్‌ని హుక్ పక్కన వేలాడదీసి, వంపు ఎక్కడికి వస్తుందో చూసి అక్కడే మొన గుచ్చుతారు. మొన వీపు దాకా వచ్చి, పలచటి తోలు కింద దాగుతుంది.

కష్టమంతా ఆ గుచ్చే చోటులో ఉంది. రెండు మిల్లీమీటర్లు ముందుకి గుచ్చితే లూర్ ఉబ్బుతుంది, వెనక్కి గుచ్చితే సాగుతుంది. రెండు విధాలా వంకర వస్తుంది. వంకరగా ఉన్న లూర్ నీళ్లలో బొంగరంలా తిరిగి దారానికి మెలికలు వేస్తుంది, చేప దాన్ని నమ్మదు. తీసి మళ్లీ గుచ్చడానికి పట్టే అర నిమిషం కోసం బద్ధకించకూడదు.

లోతు సముద్రంలో తాడుకి వేలాడే హుక్

పడవ మీద నుంచి నిలువుగా దింపే లోహపు లూర్లని జిగ్‌లు అంటారు, అవి వంద గ్రాములు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. అంత బరువు అడుగున ట్రిబుల్ వేస్తే అది రాళ్లకి తగులుతుంది, తగిలిన చేపని జిగ్ బరువే పీకేస్తుంది. జపాన్‌లో వాడుకలోకి వచ్చిన అసిస్ట్ హుక్ దీనికి పరిష్కారం. ముల్లుని చిన్న గట్టి తాడుకి కట్టి, ఆ తాడుని జిగ్ తల దగ్గర అతుకు లేని గుండ్రటి రింగుకి తగిలిస్తారు. దారం ముడి కూడా ఆ రింగుకే పడుతుంది, జిగ్ మాత్రం స్ప్లిట్ రింగుతో దానికి వేలాడుతుంది. చేప లాగినప్పుడు బలం ముల్లు నుంచి తాడు, తాడు నుంచి రింగు, రింగు నుంచి దారానికి పోతుంది. జిగ్ ఆ వరసలోనే లేదు, పక్కన వేలాడుతుంది, అంతే. సుత్తి పిడిని ఇంత పూర్తిగా విరగ్గొట్టిన అమరిక ఇంకోటి లేదు.

తాడు పొడవు మాత్రం చూసుకోవాలి. ముల్లు జిగ్ పొడవులో మూడో వంతు నుంచి సగం వరకు వస్తే బాగుంటుంది. అంతకంటే పొడుగైతే పైన ఉన్న దారాన్ని పట్టుకుంటుంది.

నిబంధనలు ఎటు వెళ్తున్నాయి

1939లో మొదలైన అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ రికార్డు చేపలకి హుక్ అమరిక మీద కూడా షరతులు పెట్టింది. సముద్రంలో పడవ వెనక లాగే, కుచ్చు వేలాడే జుత్తు లూర్లకి రెండు ఒంటి హుక్‌లకి మించి ఉండకూడదు, వాటి కళ్ల మధ్య దూరం 12 అంగుళాలు మించకూడదు. లూర్ వెనక పొడుగ్గా హుక్‌లు వేలాడేసి చేపని ఎక్కడో ఒకచోట గుచ్చి లాగడం ఆట కాదన్నది దాని వెనక ఉన్న ఆలోచన. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నదుల్లో, వాగుల్లో బార్బ్ (మొన వెనక ఉండే చిన్న పన్ను) లేని ఒంటి ముల్లు మాత్రమే వాడాలి.

గొంతులోకి పోకుండా దవడ మూలనే పట్టే సర్కిల్ హుక్ లూర్లకి ఎందుకు రాలేదన్న ప్రశ్న సహజం. అమెరికా అట్లాంటిక్ తీరంలో మార్లిన్ అనే పెద్ద సముద్రపు చేపని పట్టే పోటీల్లో 2008 నుంచి నిజమైన ఎర వాడితే సర్కిల్ హుక్ తప్పనిసరి, కృత్రిమ లూర్ మాత్రమే వాడేవారికి ఆ షరతు లేదు. కారణం పనితీరులో ఉంది. సర్కిల్ హుక్ పనిచేయాలంటే చేప ఎరని తీసుకుని వెనక్కి తిరిగి నెమ్మదిగా లాగాలి. లూర్‌ని చేప అంతసేపు నోట్లో ఉంచుకోదు.

చేపని వదిలేయాలనుకునేవారికి ఒంటి ముల్లు త్వరగా వస్తుంది, చేప నీటి బయట ఉండే సమయం తగ్గుతుంది. ట్రిబుల్ పెద్దగా ఉండడం వల్ల గొంతులోకి తక్కువగా పోతుందన్న వాదన కూడా నిజమే, అందుకే అన్ని చేపలకీ ఒకే తీర్పు చెప్పలేం. బార్బ్ విషయంలో అంత సందేహం లేదు. మొన వెనక ఉండే ఆ చిన్న పన్నుని ప్లయర్‌తో అణిచేస్తే ముల్లు సులువుగా దిగుతుంది, సులువుగా వస్తుంది, వేలికి గుచ్చుకున్నా ఆసుపత్రి దాకా వెళ్లాల్సిన పని తగ్గుతుంది. దారం బిగువు సడలనివ్వకుండా ఉంటే చేప కూడా నిలుస్తుంది. ప్లయర్ నోటిని మొన వైపు నుంచి పొడవునా పెట్టి నొక్కాలి, అడ్డంగా పెడితే మొన విరుగుతుంది. తర్వాత ముల్లుని నూలు గుడ్డలో గుచ్చి వెనక్కి లాగి చూడాలి. పోగు లేవకుండా వస్తే బార్బ్ అణిగినట్టే. పోగు లేస్తే ఇంకోసారి నొక్కాలి.